టంకం నిలవని వైరు

ఉదయం ఆరుంబావుకు పెన్న మట్టం చూశాను. పదకొండు అడుగుల మూడు అంగుళాలు. నీళ్లలో నిలబెట్టిన కొలతరాయి మీది గీతలు చదవడం, లోపలికి వచ్చి పుస్తకంలో రాసుకోవడం, ఆరున్నరకు వైర్‌లెస్ సెట్టులో కడపకు చెప్పడం నా ఉద్యోగం. ఆ రోజు కూడా అట్లాగే చదివాను, అట్లాగే రాసుకున్నాను. ఆ అంకె ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత పాతికేళ్లు చదివిన అంకెల్లో ఒక్కటీ గుర్తులేదు.

ఆరున్నరకు హ్యాండ్‌సెట్ చేతికి తీసుకుని మీట నొక్కాను. మీట నొక్కగానే సెట్టులో చిన్న గురగుర మొదలవాలి. మొదలవలేదు. వదిలి మళ్లీ నొక్కాను. వైరును హ్యాండ్‌సెట్ మెడ దగ్గర పట్టుకుని కొంచెం వంచి నొక్కాను. వారం రోజులుగా అట్లా వంచితే పలికేది. ఆ పూట ఎటు వంచినా పలకలేదు.

ఆ సెట్టు ఓడది. యుద్ధం ముగిశాక పనికిరాని ఓడల్లోంచి ఊడదీసిన సెట్లను మద్రాసులో కుప్పలుగా వేలం వేస్తే మా శాఖవాళ్లు కొన్నారు. అవి మొదట కర్నూలుకు వచ్చాయి. అప్పుడు కర్నూలు రాజధాని. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచేవి. మా స్టోరు మాత్రం ఒక రేకుల షెడ్డు. చైత్రం నుంచి మృగశిర కార్తె దాకా ఆ రేకుల కింద టంకం వేయడానికి నిప్పు అక్కర్లేదని అనుకునేవాళ్లం. సెట్ల ఇత్తడి మూలలకు పచ్చటి చిలుము పట్టి ఉండేది. ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసుక తప్ప నీళ్లు కనిపించని నదుల ఒడ్డున, వరద వస్తే చెప్పడానికి వాటిని పెట్టాలని ఏర్పాటు. సముద్రం చూసినవాళ్లు మా షెడ్డులో ఒక్కరూ లేరు.

సెట్లు గట్టివి. లోపలి సామాను ఏదీ అంత తొందరగా చెడేది కాదు. చెడేది హ్యాండ్‌సెట్ వైరు. చెవికి పెట్టుకునేటప్పుడు వంగుతుంది, దించేటప్పుడు వంగుతుంది, కొక్కేనికి తగిలించినప్పుడు కూడా వంగే ఉంటుంది. ఎన్నో ఏళ్లు ఓడల్లో వంగి వచ్చిన వైర్లు అవి. పైన గుడ్డ అల్లిక, దాని కింద రబ్బరు, రబ్బరు లోపల నాలుగు సన్న పోగులు. తెగితే తెగినంత మేర కోసేసి, మిగిలినదాన్ని మళ్లీ బిగించేవాళ్లం. ప్రతిసారీ వైరు రెండంగుళాలు తగ్గేది. ఏడాది తిరిగేసరికి కొన్ని సెట్ల వైరు మూరెడు కూడా మిగల్లేదు. మాట్లాడేవాడు సెట్టు మీదికి వంగాల్సిందే.

ఆ షెడ్డులో నాకంటే పెద్దవాడు, కడప సాయెబు ఒకాయన పనిచేసేవాడు. అన్నా అని పిలిచేవాణ్ని.

"రోజుకు మూడుసార్లు దీని ముందర వంగుతాండా. ఇంగ రెండు మసీదులో జేస్తే అయిదూ అయిపోతాయప్పా," అనేవాడు.

అతుకుదామని టంకం పెట్టి చూశాం. నిలిచేది కాదు. ఆ పోగు మామూలు రాగితీగ కాదు. సన్నని నూలుదారం మీద వెంట్రుకంత రాగిరేకు చుట్టిన పోగు. ఎంత వంచినా విరగకుండా ఉండాలని అట్లా చేశారు. వేడి తగలగానే లోపలి నూలు మాడేది. రేకు పెళుసుబారేది. అప్పటికి పలికేది, నాలుగు వారాలు ఆరు వారాలు పలికేది, తర్వాత టంకం ముగిసిన చోటనే సరిగ్గా తెగేది.

ఒక సాయంత్రం తెగిన ముక్క ఒకటి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లాను. మాది గడియారస్తంభం గుర్తుగా చెప్పుకునే వీధికి వెనక ఒక గది. పెళ్లయి అప్పటికి ఆరు నెలలు. ఆమె నాకు మేనమామ కూతురు. సిద్ధవటం పక్కన పెన్న ఒడ్డున నేతగాళ్ల ఊరు మాది. నేనూ మగ్గం ఉన్న ఇంట్లోనే పుట్టాను. పన్నెండేళ్లకు హాస్టలుకు పోయిన తర్వాత మళ్లీ నూలు ముట్టలేదు. ముట్టాల్సిన అవసరం రాలేదు. నిజం చెప్పాలంటే, అవసరం రాకుండా చూసుకున్నాను.

ఆమె ఆ ముక్కను దీపం దగ్గర పెట్టి చూసింది.

"ఇది జరీ గదా బావా. యాడ దొరికింది?"

"జరీ కాదు. వైరు."

"దారమ్మింద రేకు చుట్టింటే జరీనే అంటారు. ఆ మాత్రం తెలీకుండానే మా నాయన నన్ను మగ్గం కాడ కూర్చోబెట్టినాడా? ఓడల్లో తెల్లోళ్లు చీరెలు కట్టుకుంటారేమో పో."

తెగిన కొసను నాలుకకు తాకించింది. పోగు కొస విడదీయడానికి నేతగాళ్లు అట్లా చేస్తారు. మొహం చిట్లించి, "ఉప్పగుండాది," అంది. తర్వాత మాడిన కొస చూసింది. "దీన్ని కాల్చినారా? జరీని ఎవరన్నా కాలుస్తారా? లోపల దారం మాడిపోదా?"

అతకగలవా అని అడిగాను. లేచి పొయ్యిలోంచి చల్లారిన బూడిద చిటికెడు తెచ్చుకుంది.

మగ్గం మీద నిలువుపోగుల పడుగు అయిపోవస్తే, కొత్త పడుగును పాత కొసలకు అతుకుతారు. వేల పోగులు, ఒక్కొక్కటిగా. ముడి వేయరు. ముడి వేస్తే, పోగులు దూరే దువ్వెనలాంటి అచ్చు పంటి సందులో ఆగిపోతుంది. రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి, బూడిద రాసిన బొటనవేలితో చూపుడువేలి మీద ఒక్కసారి మెలిపెట్టి, ఆ మెలికను వెనక్కి మడిచి మళ్లీ మెలిపెడతారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు చేసే పని అది. గోడకు ఆనుకుని మాట్లాడుకుంటూ పొద్దంతా చేస్తారు. చూసేవాడికి ఏమీ చేస్తున్నట్టు ఉండదు.

ఆమె వైరును అట్లా అతికింది. నాలుగు పోగుల అతుకులూ ఒకే చోట పడకుండా, ఒక్కొక్కటి వేలెడు ఎడంగా వేసింది. అట్లా వేస్తే వైరు ఎక్కడా లావెక్కదు. ప్రతి అతుకు మీద బూడిద తుడిచి, సన్నని రాగిపోగు చుట్టి, మైనం పూసింది. పోగుకు పోగు తగలకుండా సైకిల్ వాల్వుకు వేసే సన్నని రబ్బరు గొట్టం తొడిగాను. అది నేను చెప్పిన ఉపాయం, ఆ పనిలో నా వంతు అంతే. అన్నిటి మీదా ఆమె పట్టుదారం చుట్టింది. ఇంట్లో ఉన్నది చీరె అంచుకు మిగిలిన ఎర్రదారం. అదే చుట్టింది.

మరునాడు షెడ్డులో ఆ వైరు బిగించి మీట నొక్కాం. పలికింది. సాయెబన్న వైరును వంచాడు, పురిపెట్టాడు, హ్యాండ్‌సెట్‌ను గాల్లో వేలాడదీసి తిప్పాడు. పలుకుతూనే ఉంది.

"ఎవరు చేసినారప్పా ఇది?"

చెప్పాను.

"మా చెల్లెలి చేతికి కడియం చేయించల్ల నువ్వు. దుడ్లు లేవంటావేమో, ఈ ఇత్తడి గీకి చేయించు."

ఆ తర్వాత రెండేళ్లలో మా షెడ్డు నుంచి ఏటి ఒడ్డులకు వెళ్లిన సెట్లలో చాలావాటికి ఎర్రదారం చుట్టిన వైరు ఉండేది. ఎవరు అతికారో కాగితం మీద ఎక్కడా లేదు. ఆమె అడగలేదు. తీరిక ఉన్నప్పుడు చేసేది. చేసేటప్పుడు నేను గట్టిగా ఏదో ఒక పుస్తకం చదివేవాణ్ని. కథ నచ్చకపోతే, "వీడు ఊరికే ఏడుస్తాండాడు, ఇంకోటి చదువు," అనేది.

రాజధాని హైదరాబాదుకు పోయింది. గుడారాలు ఎత్తేశారు. షెడ్డు మూసి మమ్మల్ని తలా ఒక చోటికి పంపారు. సాయెబన్నకు కడప దొరికింది, సొంత ఊరు. నాకు జమ్మలమడుగుకు ఎగువన పెన్న కొండల మధ్య నుంచి వచ్చే చోట, రోడ్డుకు అవతలి ఒడ్డున ఒక పాత బంగళా దొరికింది. రెండు గదులు, ఒక వసారా. ముందు గదిలో సెట్టు. రోజూ ఆరున్నరకు, పన్నెండున్నరకు, సాయంత్రం ఆరున్నరకు నేను అంకె చెప్పాలి, కడపలో అన్న రాసుకోవాలి. సొంత మాటలు మాట్లాడకూడదని నియమం. అంకె చెప్పాక ఒక్క క్షణం ఆగి, "అందరూ బాగుండారా?" అనేవాడు. "బాగుండాం," అనేవాణ్ని. అంతే.

బంగళాకు వచ్చిన రెండో ఏడు, శ్రావణంలో, తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. మంచివాడే. చదువుకున్నవాడు. నా మేజా మీది పుస్తకాలు చూసి సంతోషపడ్డాడు. అరగంట వాటి గురించే మాట్లాడాడు. నేనూ మాట్లాడాను. ఆ మాదిరిగా మాట్లాడే మనిషి దొరికి చాలాకాలమైంది. తర్వాత సెట్టు చూశాడు. హ్యాండ్‌సెట్ ఎత్తి, మెడ దగ్గర ఎర్రదారం చూసి నవ్వాడు.

"ఇదేమిటయ్యా, వైరా మొలతాడా?"

నేనూ నవ్వాను.

"స్టేషన్లో నేతపని తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా ఏమిటి? ఎవరు చేశారిది?"

"నాకు ముందున్నవాళ్లు చేసిపోయారు సార్," అన్నాను.

"తీసేసి శుభ్రంగా టంకం పెట్టండి. మీలాంటివారు కూడా ఇట్లాంటివి ఉంచితే ఎట్లా?"

వెనక గదికీ ముందు గదికీ మధ్య తలుపు లేదు, గుడ్డ తెర. ఆమె అవతల మజ్జిగ కలుపుతోంది. గ్లాసులు తెచ్చి పెట్టి వెళ్లింది. మొహంలో ఏమీ కనపడలేదు. కనపడకుండా ఉండడానికి ఆమె కష్టపడిందో లేదో నాకు తెలియదు. నేను చూడలేదు.

అధికారి వెళ్లిన మరునాడే వైరు కోసి టంకం పెట్టాను. ఆయన మళ్లీ రాడని తెలుసు. వచ్చినా ఏడాదికి గానీ రాడు. అయినా కోశాను. ఆ ఎర్రదారం నా ఊరిని, మా నాయన మగ్గం గుంటను అందరికీ చూపిస్తున్నట్టు అనిపించింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది.

"కాలుస్తే నిలబడదు బావా."

"నిలబడుతుంది. ఈసారి మంట తగ్గించి పెడతాను."

"నీ ఇష్టం," అంది.

టంకం నిలబడింది, కొన్ని వారాలు. మొదటిసారి తెగినప్పుడు కోసి మళ్లీ పెట్టాను. అప్పటికి వైరు నా మోచేయంత ఉంది. కార్తీకం వానలు మొదలయ్యే ముందు ఆమె పుట్టింటికి వెళ్లింది. ప్రతి ఏడూ వెళ్లేది. వానల్లో ఆ బంగళాకు మనిషి రాకపోక ఉండదు, పైగా ఆ రోజుల్లో మామకు మగ్గం మీద పని ఎక్కువ. పుట్టిలో ఏరు దాటించి బస్సు ఎక్కించాను. "వైరు పోతాదేమో, ఒక అతుకు ఏసి పోదునా?" అని పుట్టి ఎక్కేముందు అడిగింది. అక్కర్లేదన్నాను.

ఆ పూట అందుకే వైరు పలకలేదు.

మీటకు పోయే పోగు తెగితే సెట్టు వింటుంది గానీ మాట్లాడదు. ఆరూ ముప్పై అయిదుకు అన్న గొంతు వినిపించింది.

"నీ మాట వినపడలా అప్పా. నాది నీకు వినపడతాంటాదని చెప్తాండా. జాగర్తగా ఇను."

గొంతులో తేడా తెలిసింది. ఆయన ఎప్పుడూ అంకె అడగకుండా మొదలుపెట్టలేదు.

"మా చెల్లెల్ను ఆసుపత్రికి తెచ్చినారు. మొన్నట్నించి కడుపునొప్పంట. పేగు మెలికపడిందంటాండాడు డాక్టరు. కోయల్లంట. ఇప్పుడే కోయల్లంట. మీ మామ ఈన్నే నా పక్కన నిలబడుకోనుండాడు. ఏలిముద్ర ఏయమంటే ఏయనంటాండాడు. పిల్లనిచ్చినాక పిల్ల మీద నాకేం అధికారముండాది, అల్లుని మాట కావల్ల అంటాండాడు. నువ్వు ఊ అను. ఒక్క ఊ అను. నేనే సాక్షి సంతకం పెడతా."

మీట నొక్కాను. ఊ అన్నాను. గట్టిగా అరిచాను. సెట్టు అట్లాగే ఉంది.

"అయ్యో, వైరు తెగింటాది," అని అన్న పక్కకు తిరిగి చెప్పడం వినిపించింది. తర్వాత మామ గొంతు, దూరంగా: "నాయనా, ఇంటాండావా? నీ మాట చెప్పు నాయనా. కడుపు కోస్తామంటాండారు. నాకు భయమైతాండాది."

"నేను ఈన్నే ఉంటా. అతుకప్పా. బిరీన అతుకు," అన్నాడు అన్న.

వేరే హ్యాండ్‌సెట్ లేదు. అదనంగా ఉన్నదాన్ని బాగుచేయడానికి పంపి రెండు నెలలైంది. బంగళా కాపలామనిషి ముందురోజు ఊళ్లోకి పోయి అవతలి ఒడ్డునే ఆగిపోయాడు. పుట్టి వేసే నీళ్లు కావు అవి.

నేను మొదట కుంపటి రాజేశాను. టంకం కడ్డీ దాంట్లో పెట్టాను. ఇది రాయడం కష్టంగా ఉంది. ఆమె చెప్పిన మాట తెలిసి, రెండుసార్లు తెగడం చూసి, మళ్లీ కుంపటే రాజేశాను. చేతికి అలవాటైనది అదే. వానకు బొగ్గులు చెమ్మగిల్లి అంటుకోవడానికి ముప్పావు గంట పట్టింది. పోగులు విప్పి టంకం పెట్టాను. రెండు పోగులు పట్టాయి. మూడోదాని నూలు అంటుకుని పొగ వచ్చింది, రేకు రాలిపోయింది. కోసి మళ్లీ పెట్టాను. వైరు జానెడైంది. మళ్లీ మాడింది.

అరగంటకొకసారి అన్న మాట వినిపించేది. "యాడికొచ్చిందప్పా?" అని ఒకసారి. "డాక్టరు ఇంకోసారి చెప్పి పంపినాడు," అని ఒకసారి. ఒకసారి ఆయన మామను తిట్టడం విన్నాను. "ముసలాయనా, ఏలిముద్ర ఏయి! వాడు వద్దంటాడా? ఎవరన్నా పెండ్లాన్ని సంపుకుంటాడా?" మామ ఏమన్నాడో వినపడలేదు. ఆయన సంగతి నాకు తెలుసు. మాట తప్పడం, హద్దు మీరడం ఆయనకు రెండూ ఒకటే. నా పెళ్లిలో నా చేతిలో నీళ్లు పోసిన తర్వాత ఆమెను ఒక్కసారి కూడా, అల్లుణ్ని అడగకుండా, రెండు రోజులు ఎక్కువ ఉండమనలేదు.

తొమ్మిది దాటాక కుంపటి పక్కకు నెట్టాను. పాత సామాన్ల డబ్బాలో కర్నూలు నాటి వైరు ముక్క ఒకటి ఉంది, మిగిలిన జానెడుకు దాన్ని అతకాలి. పొయ్యిలోంచి బూడిద తెచ్చాను. చెమ్మగా ఉంది. వేలికి ముద్దలా అంటింది. పెనం మీద వేసి వేడి చేశాను. కూర్చుని మొదటి పోగు మెలిపెట్టాను. జారింది. మళ్లీ పెట్టాను, జారింది. చిన్నప్పుడు మా అవ్వ పక్కన కూర్చుని ఆటకు అతికేవాణ్ని. వేళ్లకు ఎక్కడో గుర్తుండాలి. ఆమె చేసేటప్పుడు రెండేళ్లు ఎదురుగా కూర్చున్నాను. పుస్తకం చూశాను గానీ చేతులు చూడలేదు. మడిచేది కుడికా, ఎడమకా?

నాలుగో పోగు అయ్యేసరికి పదకొండూ పది. రబ్బరు తొడగలేదు, దారం చుట్టలేదు. పోగులు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో కాగితం ముక్కలు పెట్టి, ఎడమచేత్తో పట్టుకుని మీట నొక్కాను. గురగుర మొదలైంది.

"ఊ," అన్నాను. "ఊ అను అన్నా. కోయమను. నేను చెప్పినానని చెప్పు."

"ఇనపడిందప్పా. ఇనపడింది. మీ మామ ఆసుపత్రికి పోయినాడు. నేనే పోతాండా."

కుర్చీ పక్కకు పడిన చప్పుడు వినిపించింది.

పన్నెండున్నరకు ముందు నది మట్టం చూసి వచ్చాను. అన్న గొంతు సరిగ్గా పన్నెండున్నరకు వచ్చింది. అంకె అడిగాడు. చెప్పాను. రాసుకున్నాడు. రాసుకున్న తర్వాత ఎప్పుడూ అడిగే మాట అడగలేదు.

"అందరూ బాగుండారా?" అని ఈసారి నేను అడిగాను.

"లేదప్పా," అన్నాడు. "నేను పోయేతలికి బల్ల మీద పండబెట్టినారు. అప్పటికే మీ మామ ఏలిముద్ర ఏసినాడు. శానా పొద్దాయ అన్నాడు డాక్టరు. కోసి చూసినాడు. పేగు నల్లబడిపోయిందంట."

తర్వాత ఏమో అన్నాడు, నాకు ఎక్కలేదు. సాయంత్రం ఆరున్నరకు మళ్లీ అంకె చెప్పాను. నది ఇంకా పెరుగుతూనే ఉంది, దిగువన ఊళ్లున్నాయి, చెప్పక తప్పదు. మూడో రోజు పుట్టి వేశారు. నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. నన్ను చూసి మామ లేచి నిలబడ్డాడు. అల్లుడు వస్తే అట్లా లేవడం ఆయన అలవాటు.

తెల్లవారే కోసి ఉంటే బతికేదా అని తర్వాత డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు. పెద్దమనిషి. అట్లాగే అనాలి. నేను నమ్మలేదు, నమ్మకపోవడానికీ నా దగ్గర ఆధారం లేదు.

చాలా ఏళ్ల తర్వాత, తంతి కొట్టే పద్ధతుల మీద ఒక పుస్తకం చదువుతూ, పేజీ మధ్యలో ఆగిపోయాను. ఆ రోజు నేను వైరు అతకనవసరం లేదు. సెట్టు దగ్గరే వైరు చీల్చి, మీట పోగులు రెండూ ఒకదానికొకటి తాకించి వదిలితే చాలు. నా మాట పోకపోయినా కడపలో టక్కుమని చప్పుడు వినిపించేది. ఒక్క టక్కు. అన్న దాన్ని ఊ అని చదువుకునేవాడు. అయిదు నిమిషాల పని. మాట పంపాలనే చూశాను. మాట అక్కర్లేదని ఆ నాలుగు గంటల్లో తట్టలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయడానికే మొదలుపెట్టాను.

పెద్దకర్మ అయిన తర్వాత మామ నా సంచిలో ఆ వైరు చూశాడు. ఎందుకు తెచ్చుకున్నానో నాకు తెలియదు. వెలుతురులోకి తీసుకుపోయి నా అతుకులను వేలితో తడిమాడు. అరవై ఏళ్లు పడుగు అతికిన వేలు అది.

"ఎవరు నేర్పించినారు నాయనా?"

"ఆమె," అన్నాను.

"మొదటి రెండూ వదులుగా ఉండాయి. కడాది బాగుండాది," అన్నాడు. వైరు చేతిలోనే పట్టుకుని, "నీ తప్పేముండాది నాయనా. నువ్వు ఆడ అతుకుతానే ఉన్న్యావు. నేను గదా సంపుకున్న్యా. ఒక్క ఏలిముద్ర. సిరా అంటిన ఏలు తుడుచుకుంటే పోయేది," అన్నాడు.

అప్పుడు చెప్పాల్సింది. ఆమె చేసిన అతుకు రెండేళ్లు చెక్కుచెదరలేదనీ, నవ్వుతారని సిగ్గుపడి నేనే కోసేశాననీ, ఎవరు చేశారని అడిగితే ముందున్నవాళ్లెవరో అన్నాననీ, పోయేముందు అతుకు వేసి పోతానంటే అక్కర్లేదన్నాననీ. నోటి దాకా వచ్చింది. ఆయన వైరును చుట్టి జాగ్రత్తగా సంచిలో పెట్టడం చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. ఊరికి వెళ్లినప్పుడల్లా ఆ మాటే చెప్పేవాడు. వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆ బొటనవేలితోనే పడుగు అతుకుతూ, పోగు తెగితే ఆ వేలు చూసుకునేవాడు. చివరి రోజుల్లో ఏ కాగితం తెచ్చినా వేలిముద్ర వేసేవాడు, ఎందుకని అడిగేవాడు కాదు. నేను పక్కన కూర్చునేవాణ్ని. ప్రతిసారీ చెప్పాలనుకునేవాణ్ని. ఆయన ఆ నేరం మోస్తూనే పోయాడు. అది నాది.

సాయెబన్నకు మాత్రం తెలిసి ఉండాలి. ఎర్రదారం వైరును కర్నూలులో ఆయనే వంచి చూశాడు. ఎందుకు తెగిందని నన్ను ఎప్పుడూ అడగలేదు.

ఓడ సెట్లను తర్వాత తూకానికి అమ్మేశారు. కొత్త సెట్లకు వచ్చే వైరు అచ్చులో పోసినట్టుంటుంది, విప్పడానికి వీలుండదు. తెగితే హ్యాండ్‌సెట్‌తో సహా తీసేసి ఇంకోటి పెడతారు. ఇప్పుడు హ్యాండ్‌సెట్ వైరును ఎవరూ అతకరు.